పులి కనపడలేదు, అయినా నాలుగు స్టార్లు: నాయనతో ఫర్హాబాద్ సఫారీ

ముందే చెప్పేస్తున్నా, మాకు పులి కనపడలేదు. చిరుత కూడా కనపడలేదు. "పులి కనిపించిందా లేదా" అన్న ఒక్క ముక్క కోసం దీన్ని తెరిచినవాళ్లు ఇక్కడితో ఆపేసి పని చూసుకోవచ్చు, నాకేం కోపం లేదు, నేనూ మొన్నటిదాకా రివ్యూలు అట్లనే చదివేవాణ్ని. ఐదుకు నాలుగు ఎందుకిచ్చానో తెలియాలంటే మాత్రం కొంచెం ఓపిక పట్టాలి, ఎందుకంటే ఇందులో మా నాయన గొర్రెల మంద ఉంది, దక్షిణాఫ్రికా ఉంది, ఒక కరెంటు కంచె ఉంది, అవన్నీ తిరిగి తిరిగి మళ్లీ మన్ననూరు రోడ్డు మీదికే వస్తాయి.

నాకు జడ్చర్లలో బోరు మోటార్లు వైండింగ్ చేసే షాపు ఉంది. నాయనకు డెబ్బై దాటాయి. కోయిల్‌కొండ దగ్గర మా ఊళ్లో నలభై ఏళ్లు జీవాలు కాశాడు, మోకాళ్లు సహకరించక ఐదేళ్ల కింద మంద అమ్మేశాడు గానీ, ఇప్పటికీ కొత్త చోటికి పోతే ముందు మేత చూస్తాడు, తర్వాత నీళ్లు ఎక్కడున్నాయో చూస్తాడు, మనుషుల్ని పలకరించేది ఆ తర్వాతే. మా తమ్ముడిది జోహన్నెస్‌బర్గ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పోయిన ఏడాది మా ఇద్దర్నీ పిలిపించుకుని మూడు వారాలు ఉంచుకున్నాడు, అప్పుడే పిలానెస్‌బర్గ్ అనే నేషనల్ పార్కుకు పోయాం. ఈ జనవరిలో మన అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో ఫర్హాబాద్ సఫారీ చేశాం. అవే కళ్లు, ఏడాది తేడా. పోల్చకుండా ఎట్లా ఉంటాం?

జడ్చర్ల నుంచి కల్వకుర్తి, డిండి, హాజీపూర్ మీదుగా మన్ననూరు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అడవిలో శ్రీశైలం రోడ్డు మీద బండ్లు వదలరు, కాబట్టి మరీ చీకట్లో బయల్దేరి లాభం లేదు, చెక్‌పోస్టు దగ్గర లారీల వెనక నిలబడాల్సిందే. మేం ఆ తప్పు చేసి గంటసేపు నిలబడ్డాం. చలి మామూలుగా లేదు. నాయన గొంగడి కప్పుకుని హాయిగా కూర్చున్నాడు, జాకెట్టు మరిచిపోయిన నేను స్టీరింగు పట్టుకుని వణికాను.

ఫర్హాబాద్ గేటు దగ్గర సఫారీ జీపు ఎక్కాం. మాతోపాటు హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక కుటుంబం, ఇద్దరు చిన్నపిల్లలు. గైడు చెంచు కుర్రాడు, ఇరవై ఐదేళ్లు ఉంటాయేమో. మొదటి పది నిమిషాలు ఎవరితోనూ ఏం మాట్లాడలేదు, నాకు కొంచెం నిరాశ అనిపించింది, ఇంత దూరం వచ్చింది ఈ మౌనవ్రతం కోసమా అనుకున్నా. తర్వాత అర్థమైంది, ఆయన వింటున్నాడు. కొండముచ్చు ఒకటి దూరంగా గట్టిగా ఖొక్‌మని అరిస్తే జీపు ఆపించి ఇంజన్ బంద్ చేయించాడు. ఐదు నిమిషాలు ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. ఏమీ రాలేదు. "పోయింది" అన్నాడు. ఏం పోయిందని పిల్లలు అడిగితే, "కొండముచ్చుకు తెలుసు, మనకు తెల్వది" అని నవ్వాడు.

జింకలు మాత్రం మస్తు కనిపించాయి. చుక్కల దుప్పుల గుంపులు రెండు, పొద మాటున ఒక కణితి (సాంబర్ జింక), అడవిపందులు, లెక్కలేనన్ని నెమళ్లు. వ్యూ పాయింట్ దగ్గర దిగితే కింద లోయ, దాని అవతల మళ్లీ కొండలు, ఇంక మాటలెందుకు, ఆ ఫొటోలు నెట్‌లో బోలెడున్నాయి. నిజాం కాలం వేట బంగళా ఆనవాళ్ల గురించి కూడా గైడు చెప్పాడు. నాకు గుర్తుండిపోయింది ఇవేవీ కాదు. దారి మధ్యలో ఒక పెంట.

అవును, పెంట. చిరుతది. ఎండి తెల్లబడి, మెలిదిప్పిన తాడు ముక్కలాగ ఉంది. గైడు దిగి పుల్లతో దాన్ని విడదీశాడు. లోపలంతా వెంట్రుకలే, బూడిదరంగువి, మధ్యలో ఎముక ముక్కలు, ఒకచోట నల్లగా నిగనిగలాడే చిన్న గిట్ట కొన. నాయన మోకాళ్ల నొప్పి మరిచిపోయి కిందికి వంగాడు. "గొర్రెపిల్ల గిట్టంత ఉన్నది గదా" అన్నాడు. "దుప్పి పిల్లది తాతా. చిరుత పెద్ద దాని జోలికి పోదు. పెద్దది పులి తింటది. ఇది చిన్న వాటిని తిని తప్పుకుంటది" అన్నాడు ఆ అబ్బాయి. అక్కడి నుంచి వాళ్లిద్దరూ ఒక జట్టు, మేమంతా వెనక సీటు ప్రయాణికులం. రేచుకుక్కలు, అంటే మన అడవుల్లోని ఎర్ర అడవికుక్కలు, పగటిపూట గుంపుగా వేటాడతాయని, పులి ఆ గుంపుకు ఎదురుపడితే ఎవరు వెనక్కి తగ్గుతారనేది గుంపులో ఎన్ని ఉన్నాయన్న దాన్ని బట్టి ఉంటుందని, చిరుత మాత్రం ఇద్దరికీ భయపడి చెట్టెక్కుతుందని, జీపు తిరిగి గేటుకు వచ్చేదాకా ఇదే ముచ్చట.

ఆ కుర్రాడు పుల్లతో చూపించినదాన్నే తూకం రాళ్లతో తూచినవాళ్లు ఉన్నారని నాకు తర్వాత తెలిసింది. షాపులో రాగితీగ చుడుతూ ఫోన్‌లో ఇదే చదవడం ఈ మధ్య నాకో పిచ్చి అయింది. కర్ణాటకలోని నాగరహొళెలో ఉల్లాస్ కారంత్, మెల్ సన్‌క్విస్ట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1995లో ప్రచురించిన లెక్క ప్రకారం అక్కడ పెద్దపులి చంపే జంతువు సగటు బరువు 91.5 కిలోలు, రేచుకుక్కలది 43.4, చిరుతది 37.6. ఒకే అడవి, ఒకే జింకలు, కానీ ఎవరి సైజు వాళ్లది. పెద్ద జంతువులు చాలినన్ని ఉన్నంతకాలం ముగ్గురూ ఒకే అడవిలో బతుకుతారు. కణితులు, మనుబోతులు (నీల్‌గాయిలు) తగ్గిపోతే పులి కూడా దుప్పుల మీద పడుతుంది, అప్పుడు చిరుత కంచంలో చెయ్యి పెట్టినట్టే. ఆఫ్రికా, ఆసియా అంతా కలిపి చూసిన ఇంకో లెక్కలో చిరుత ఎక్కువగా ఎంచుకునేది 10 నుంచి 40 కిలోల మధ్య జంతువును, అందులోనూ 25 కిలోల దగ్గరివాటిని. ఈ మాట నాయనకు చదివి వినిపిస్తే ఒక్క క్షణం ఆగి, "మన గొర్రె గంతే ఉంటది" అన్నాడు. అంతే మరి. ఎదిగీ ఎదగని గొర్రె, మేక, ఊరకుక్క, దూడ, ఇవన్నీ చిరుతకు కొలత తీసి కుట్టినట్టు సరిపోతాయి.

ఇక పిలానెస్‌బర్గ్. జోహన్నెస్‌బర్గ్ నుంచి రెండు రెండున్నర గంటల ప్రయాణం. కోట్ల ఏళ్ల కింద చల్లారిపోయిన అగ్నిపర్వతం ఆనవాలు మీద ఉంది ఆ పార్కు, గుండ్రంగా కొండల వరసలు, మధ్యలో మాంక్వే అనే చెరువు. విస్తీర్ణం దాదాపు 550 చదరపు కిలోమీటర్లు. మన అమ్రాబాద్ 2,611, అంటే దీనికి నాలుగు రెట్ల కంటే ఎక్కువ. కానీ పిలానెస్‌బర్గ్ చుట్టూ కంచె ఉంది, అమ్రాబాద్‌కు లేదు, మొత్తం తేడా అక్కడే మొదలవుతుంది. 1979లో పార్కు పెట్టినప్పుడు అది రైతుల పొలాలు, పశువులు తిరిగిన నేల. ఆపరేషన్ జెనెసిస్ అని పేరు పెట్టి కంచె కట్టి, దాదాపు 6,000 జంతువుల్ని వేరే చోట్ల నుంచి లారీల్లో తెచ్చి వదిలారు. సింహాలు ఆ తర్వాత 1993లో నమీబియాలోని ఎటోషా నుంచి వచ్చాయి.

అక్కడ ఏం చూశామంటే, అన్నీ చూశాం. పొద్దున జీపెక్కిన ముప్పావు గంటకే సింహాలు, ఐదు, రోడ్డు పక్కన, పొట్టలు పైకి పెట్టి నిద్ర. ఏనుగులు, ఖడ్గమృగం, జిరాఫీలు. మా గైడు సెట్స్వానా మాట్లాడే పెద్దమనిషి, ఆ భాషలో సింహాన్ని తావు అంటారని చెప్పాడు. నాయనకు ఆ మాట తెగ నచ్చి తావు, తావు అని రోజంతా పిలిచాడు, పిలిచి పిలిచి సాయంత్రానికి ఒక ప్రశ్న వేశాడు, తమ్ముడు దాన్ని ఇంగ్లీషులో చెప్పడానికి తంటాలు పడ్డాడు. "తావు ఇంతే ఉంటే, తావులు పిల్లలు పెడితే, ఆ పిల్లలు యాడికి పోవాలె?"

గైడు నాయన వైపు కాసేపు చూసి, ఇది మా మీటింగుల్లో అడిగే ప్రశ్న అన్నాడట. కంచె లోపల సింహాలు చాలా త్వరగా పెరుగుతాయి, ఎందుకంటే బయట అడవిలో వాటిని తగ్గించే వేటగాడి ఉచ్చు, పశువులు పోయాయని విషం పెట్టే రైతు, పక్క గుంపు దాడి, ఇవన్నీ లోపల తక్కువ. ఎదిగిన మగపిల్లలు బయటికి పోయే దారి లేదు. అందుకని ఆడ సింహాలకు చర్మం కింద గర్భం రాకుండా ఆపే మందు బిళ్ల పెడతారు, కొన్నిటిని పట్టి వేరే రిజర్వుకు పంపుతారు, అక్కడి నుంచి కొత్త మగదాన్ని తెస్తారు. "సింహానికి గూడ ఆపరేషనా!" అని నాయన చాలాసేపు నవ్వాడు. కానీ మగదాన్ని మార్చే సంగతికి మాత్రం తల ఊపాడు. మంద ఉన్న ప్రతివాడూ చేసే పనే, రెండు మూడేళ్లకోసారి పొట్టేలును పక్క ఊరి మందతో మార్చుకోకపోతే పిల్లలు గిడసబారిపోతాయి. దక్షిణాఫ్రికాలో అడవికుక్కల (మన రేచుకుక్కలు కాదు, ఒంటి నిండా మచ్చలుండే వేరే జాతి) విషయంలో 1998 నుంచి పద్ధతిగా ఇదే చేస్తున్నారు, చిన్న చిన్న కంచె రిజర్వుల్లో విడివిడిగా ఉన్న గుంపుల్ని ఒక పెద్ద మంద లెక్కన చూసి, ఇక్కడి ఆడవాటిని అక్కడి మగవాటితో కలుపుతుంటారు.

నాకు అన్నిటికంటే ఆసక్తి అనిపించింది కంచె. వృత్తి అట్లాంటిది, ఏం చేస్తాం. మనిషి కంటే ఎత్తు, తీగల వరసలు, గేటు పక్కన నిలబడితే సెకనుకోసారి టిక్ టిక్ అని చిన్న చప్పుడు. వోల్టేజి వేలల్లో ఉంటుంది, కానీ ఒక్క క్షణం కొట్టి ఆగిపోతుంది, జంతువు వెనక్కి దూకడానికి టైం దొరుకుతుంది. మన దగ్గర అడవిపందుల కోసం కొందరు లైన్ నుంచి నేరుగా తీగ లాగి చేను చుట్టూ కట్టే కరెంటు వేరు, అది పట్టుకుంటే వదలదు, పంది కోసం పెట్టినదానికి పొద్దున నీళ్లు పెట్టడానికి పోయిన మనిషి చచ్చిపోయిన సంగతులు ఎన్ని వినలేదు. దయచేసి ఎవరూ అది పెట్టకండి, నా షాపుకు వచ్చి అడిగినవాళ్లకు కూడా మొహం మీదే చెప్తాను. ఆఫ్రికాలో ఆ టిక్‌టిక్ కంచెకు కూడా బలయ్యేవి ఉన్నాయి, నేలకు దగ్గరగా ఉన్న తీగ తగిలి తాబేళ్లు చచ్చిపోతాయి, తాబేలు షాక్ కొడితే పారిపోదు కదా, అక్కడే తల లోపలికి లాక్కుని కూర్చుంటుంది.

అయితే కంచె అనేది లోపలున్న జంతువుల మధ్య పోటీని కూడా మార్చేస్తుందన్న విషయం నాకు అప్పటిదాకా తట్టలేదు, నాయనకు వెంటనే తట్టింది. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు మా దొడ్లోకి తోడేలు దూరింది. కంపతో కట్టిన దొడ్డి, ఒక మూలన కంప జారి సందు పడింది. తెల్లవారి నాయన వెంట నేనూ పోయా. పదకొండు గొర్రెపిల్లలు. గొంతుల దగ్గర చిన్న చిన్న గాట్లు తప్ప ఒంటి మీద ఏం లేదు, పడుకున్నట్టే ఉన్నాయి, ఒక్కదాని పొట్ట మాత్రం తిని ఉంది. ఆ రోజు అమ్మ ఏడ్చింది గానీ నాయన ఏడవలేదు, కంప తెచ్చి సందు మూసి, ఆ పిల్లల్ని ఒక్కొక్కటిగా ఎత్తి పక్కన పెట్టాడు. పిలానెస్‌బర్గ్ కంచె చూస్తూ ఆ సంగతే ఎత్తాడు. "బయట దొరికితే తోడేలు ఒక్కదాన్ని ఎత్తుకపోతది. దొడ్లె దూరితే దానికి మతి పోతది. గొర్రె ఉరకనీకి జాగ ఉండదు గదా బిడ్డా."

ఆఫ్రికా అడవికుక్కలు కంచెను సరిగ్గా అట్లనే వాడుకుంటాయి. అవి తరిమితే మామూలుగా పెద్ద జింక మైదానంలో ఉరికి తప్పించుకోవచ్చు, కంచె ఉన్నచోట ఉరికి ఉరికి తీగలకు గుద్దుకుంటుంది, కుక్కలు అక్కడ కమ్మేస్తాయి. పిలానెస్‌బర్గ్‌లో వదిలిన అడవికుక్కల మీద చేసిన అధ్యయనంలో ఇదే తేలింది, కుడూ అనే జింక లాంటి పెద్ద వాటిని కూడా కంచెకు తరిమి పట్టేశాయి. అబ్బో కుక్కలకు పండగే అనుకుంటాం, కానీ అదే కంచె వాటినీ సింహంతో కలిపి బంధించింది. సింహం అడవికుక్కను తిండి కోసం చంపదు, కనిపిస్తే చంపుతుంది, చంపకపోతే వేటను లాక్కుంటుంది. తిండిలో పావు వంతు పోతే అడవికుక్కలు రోజుకు మూడున్నర గంటలు వేటాడేది పన్నెండు గంటలు వేటాడాల్సి వస్తుందని 1998లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఆ పరుగుకు ఒంట్లో బలం చాలదు. బయట అడవిలో అయితే సింహాలు తక్కువున్న మూలకు పోయి బతుకుతాయి. కంచె లోపల మూల అంటే కంచే.

మేత తినేవాటి సంగతి ఇంకా కష్టం. వాన పడని ఏడు మా మంద కృష్ణ వైపు వలస పోయేది, పాలమూరు మనిషికి వలస గురించి వేరే చెప్పాలా. కంచె లోపలి జింక ఎటు వలస పోతుంది? సింహాలు వచ్చాక పిలానెస్‌బర్గ్‌లో వైల్డ్‌బీస్ట్‌లు (ఆవులాగ కనిపించే ఒక రకం జింకలు) బాగా తగ్గిపోయాయి. సింహం ఒకవైపు తింటుంటే ఇంకోవైపు పార్కు వాళ్లు పాత అలవాటు ప్రకారం మిగులు జంతువుల్ని పట్టి బయటికి పంపడం ఆపలేదు, రెండు చేతులా తీస్తే గాదె ఎన్నాళ్లుంటుంది. సింహానికి బాగా నచ్చే సైజు 190 నుంచి 550 కిలోలని లెక్క, వైల్డ్‌బీస్ట్ సరిగ్గా అందులో పడుతుంది. చీతాకు 23 నుంచి 56 కిలోల జంతువు కావాలి, సింహం ఆ సైజు జంతువుల జోలికి పెద్దగా పోదు, అయినా చీతా బతుకే కష్టం, దానికి పోటీ తిండి దగ్గర కంటే ఆ తిండిని ప్రశాంతంగా తినే చోటు దగ్గరే ఎక్కువ.

చీతా అంటే గుర్తొచ్చింది, చీతా వేరు, మన చిరుత వేరు. మా షాపుకు వచ్చేవాళ్లలో సగం మంది కూనో వార్తలు చూసి "ఆఫ్రికా నుంచి చిరుతల్ని తెచ్చిర్రంట, మన గుట్ట మీద లేవా" అని అడిగారు. మధ్యప్రదేశ్‌లోని కూనోకు 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి ఎనిమిది, 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి పన్నెండు చీతాలు వచ్చాయి. వాటి కోసం కంచె కట్టిన పెద్ద ఆవరణలో అప్పటికే అసలు చిరుతలు తిష్ఠ వేసుకుని ఉన్నాయి. వాటిని బయటికి పంపడానికి ఏనుగుల్ని కూడా రప్పించాల్సి వచ్చింది. తిండికి తక్కువ కాకూడదని వేరే అడవుల నుంచి చుక్కల దుప్పుల్ని పట్టి తెచ్చి వదిలారు. అంటే కంచె కట్టిన రోజు నుంచి లోపల ఎన్ని తినేవి, ఎన్ని తినబడేవి అన్న చిట్టా ఎవరో ఒకరు రాస్తూనే ఉండాలి, మానేస్తే చిట్టా తనే మూతపడుతుంది.

కంచె చెడ్డదని మాత్రం అనను, నాయన కూడా అనడు, దొడ్డి లేకుండా మంద కాసినవాడు ఎవడున్నాడు. సింహాల మీద 2013లో వచ్చిన లెక్కలో కంచె ఉన్నచోట ఏడాదికి చదరపు కిలోమీటరుకు దాదాపు 500 డాలర్లతో వాటిని బాగా నిలబెట్టగలుగుతున్నారని, కంచె లేనిచోట 2,000 డాలర్లు దాటినా ఆ నేల మోయగలిగిన సింహాల్లో సగమే సాధ్యమవుతోందని తేల్చారు. ఊరికీ అడవికీ మధ్య గొడవ తగ్గుతుంది కాబట్టే ఆ తేడా. దాని మీద వేరే శాస్త్రవేత్తలు గట్టిగానే వాదించారు, ఆ వాదన ఇంకా తెగలేదు.

అమ్రాబాద్‌కు కంచె లేదు కాబట్టి ఇక్కడి చిట్టా వేరే రకం. ఒక పులికి ఏడాదికి దుప్పి సైజువి యాభై దాకా కావాలి, అవి తరగకుండా దొరకాలంటే వెనకాల ఐదు వందల మంద ఉండాలి. నాయన దీన్ని వేళ్ల మీద చెక్ చేసి "సరిపోతది, పదిలో ఒకటి అమ్మితే మంద నిలుస్తది" అన్నాడు. తక్కువ పడితే ఇక్కడ పులి కృష్ణ దాటి శ్రీశైలం అడవి వైపు పోవచ్చు, చిరుత ఊరి అంచుకు జరగొచ్చు. ఆ జరగడం ఎట్లా ఉంటుందంటే, ఉత్తరాఖండ్‌లోని రాజాజీ పార్కు చిల్లా రేంజిలో పులులు కోలుకున్న కొద్దీ చిరుతలు 100 చదరపు కిలోమీటర్లకు 9.76 నుంచి 2.07కి పడిపోయాయి, మిగిలినవాటి తిండిలో పెంపుడు జంతువుల వాటా 6.8 శాతం నుంచి 31.8 శాతానికి పెరిగింది. మా కోయిల్‌కొండ గుట్టల్లో పెద్దపులి లేదు, అక్కడి చిరుత దూడను ఎత్తుకుపోతే అది పులి తరిమితే వచ్చింది కాదు, ఆ గుట్ట రాళ్లే దాని ఇల్లు. కానీ అచ్చంపేట, అమ్రాబాద్ వైపు ఊళ్లలో దూడ పోయిందన్న వార్త చదివితే ఇకపై నేను "అడవిలో ఏం తగ్గిందో" అని ముందు అడుగుతాను.

సర్లే, రివ్యూ కదా, అసలు సంగతులకు వస్తా. గైడుకు పదికి పది. జీపు బాగుంది, వెనక సీటులో కూర్చుంటే నడుము పోతుంది, పెద్దవాళ్లుంటే ముందే అడిగి ముందు సీటు తీసుకోండి. టాయిలెట్ పని గేటు దగ్గరే చూసుకోవాలి, లోపల ఏమీ ఉండదు. ప్లాస్టిక్ సీసాలు, చిప్స్ ప్యాకెట్లు తీసుకుపోకండి. మా జీపులో హైదరాబాద్ పిల్లలు పాపం బుద్ధిగానే కూర్చున్నారు గానీ వాళ్ల నాన్న ఫోన్ రెండుసార్లు మోగింది, రెండోసారి పాట కూడా పెద్దగా వచ్చింది, అప్పుడు పోయిన కణితి మళ్లీ కనపడలేదు. టికెట్ ధర నేను రాయను, మారుతూ ఉంటుంది, గేటు దగ్గర బోర్డు చూసుకోండి. వానాకాలంలో సఫారీ ఉండదు. వేసవిలో నీటి గుంతల దగ్గర జంతువులు కనపడే అవకాశం ఎక్కువని గైడే చెప్పాడు, సాసర్ పిట్‌లు అనే పళ్లెం లాంటి గుంతల్లో నీళ్లు పోస్తుంటారు.

ఒక స్టారు తగ్గించింది సఫారీకి కాదు నిజానికి, తిరుగు ప్రయాణంలో హైవే మీద తిన్న ఒక హోటల్‌కు, పేరు వద్దులే. ఇడ్లీ రాయిలాగ ఉంది, చట్నీ నిన్నటిది, బిల్లు మాత్రం ఈరోజుది. ఇంటి నుంచి జొన్నరొట్టెలు కట్టుకుపోదామని నాయన మొత్తుకున్నాడు, నేను వినలేదు. ఇంకో కోపం కూడా ఉంది, అది ఆఫ్రికా ట్రిప్‌ది. తమ్ముడు ఫోన్‌లో ఒక ట్రావెల్స్ వాళ్లతో బుక్ చేస్తే "సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న ఐదూ గ్యారంటీ" అని చెప్పి అదనంగా డబ్బు తీసుకున్నారు. చిరుత, అడవిదున్న కనపడలేదు. తిరిగి అడిగితే ఆ డబ్బు గైడు సర్వీసుకు అన్నారు. కంచె లోపల కూడా చిరుత కనపడదు, అది ఎక్కడైనా దాక్కునే జంతువే, సింహం ఉన్నచోట ఇంకా ఎక్కువ దాక్కుంటుంది. గ్యారంటీ అన్న మాట ఎవరైనా అంటే పర్సు లోపల పెట్టుకోండి.

ఎవరు పోవాలి అంటే, పులి ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాలనుకునేవాళ్లకు ఫర్హాబాద్ నచ్చకపోవచ్చు. అడవిలో రెండు గంటలు నోరు మూసుకుని కూర్చోగలిగితే, గైడుతో నాలుగు మాటలు మాట్లాడే ఓపిక ఉంటే, ఇంట్లో జీవాలు కాసిన పెద్దవాళ్లెవరైనా ఉంటే వాళ్లను తప్పకుండా తీసుకుపోండి. దిగేటప్పుడు ఆ చెంచు కుర్రాడు నాయన చెయ్యి పట్టుకుని దింపి, "మళ్లీ రా తాతా, ఎండాకాలం రా, నీళ్ల కాడ చూపిస్తా" అన్నాడు. నాయన అప్పటి నుంచి నెలకోసారి గుర్తు చేస్తున్నాడు. ఏప్రిల్‌లో పోతున్నాం, ముందు సీటు తనదేనట, రొట్టెలు కూడా తనే కట్టిస్తాడట.